కూలిన గోడలకు గిరాకీ



కట్టిన ఇల్లు అమ్ముకోవడం అందరికీ తెలిసిన వ్యాపారం. కూలిన ఇల్లు అమ్ముకుని బతికేవాళ్లు కూడా ఉన్నారు. పైకప్పు ఎగిరిపోవాలి, మేడమెట్లు సగంలో తెగిపోవాలి, మిగిలిన గోడకి ఫిరంగి గుండు కొట్టిన కంత ఉండాలి. అంత ముచ్చటగా కూలితేనే ఆ ఇంటికి ధర. కొన్నవాడు దాన్ని బల్ల మీద పెట్టి, తను నెలల తరబడి కూర్చుని అతికించి రంగులు వేసిన ట్యాంకుని పక్కన నిలబెడతాడు. ఇల్లు జానెడో, మూరెడో ఉంటుంది. అలాంటి గోడలు, బురద దారులు, మోడువారిన చెట్లు తయారుచేసి అమ్మేవాళ్ల గురించి ఈవేళ నాలుగు మాటలు చెబుతాను.

సైనిక వాహనాల నమూనాలు కట్టడం యూరప్, అమెరికా, జపాన్ దేశాల్లో పెద్దవాళ్ల వ్యాపకం. పెట్టె తెరిస్తే వందలాది ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. వాటిని అతికితే ట్యాంకో, జీపో, ఫిరంగో తయారవుతుంది. అద్దాల బీరువాలో ఒంటరిగా ఉన్న ట్యాంకు వట్టి యంత్రం. దాని కింద నేల, వెనక గోడ, పక్కన నలుగురు మనుషులు చేరితే అక్కడ ఒక ఊరు, ఒక రుతువు, ఒక సంఘటన ఏర్పడతాయి. ఈ కూర్పునే డయోరమా అంటారు. బొమ్మల కొలువు పెట్టిన ఇళ్లలో పిల్లలు రాగులు మొలకెత్తించి చేను చేస్తారు, అద్దం ముక్క పరిచి చెరువు అంటారు చూడండి, అదే పని. కాకపోతే ఇక్కడ ఆ చేను ఏ దేశానిది, ఏ నెలలోది, దాన్ని తొక్కుకుంటూ పోయిన బండి ఎన్ని టన్నులది అని నిలదీసి అడిగే మనుషులుంటారు.

ఈ అడగడమన్నది కొత్త సంగతేం కాదు. విలియం సైబోర్న్ అని బ్రిటిష్ సైన్యంలో ఒక అధికారి ఉండేవాడు. 1815 జూన్ 18న జరిగిన వాటర్లూ యుద్ధానికి నమూనా చేసే పని 1830లో ఆయనకి అప్పగించారు. ఆ యుద్ధంలో ఆయన లేడు. అందుకని బొమ్మల సంగతి తర్వాత చూద్దామనుకుని, ముందు ఆ రణభూమి నడిమధ్యనున్న లా హే సాంత్ అనే రైతు లోగిలిలో ఎనిమిది నెలలు మకాం వేసి నేలంతా కొలిచాడు. ఆ తర్వాత యుద్ధంలో పాల్గొన్న అధికారులకి ఉత్తరాలు రాశాడు. సాయంత్రం ఏడు గంటల వేళ మీ దళం ఎక్కడుంది, ఎదురుగా శత్రువు ఏ వరసలో నిలిచాడు అని అడిగాడు. పనిలో పనిగా, అప్పుడు పొలాల్లో ఏ పైరు ఉండేదో గుర్తుంటే రాయండి అనీ అడిగాడు. ఆ చివరి ప్రశ్న చూసి నేను ఆయనకి దండం పెడతాను. దృశ్యం కూర్చేవాడికి పైరు ముఖ్యం. మనిషెత్తు రై పైరులో నిలబడ్డ సైనికుడికి పది గజాల అవతల ఏముందో కనపడదు. కోసిన చేలో నిలబడితే అంతా కనపడుతుంది.

మైలుకి తొమ్మిది అడుగుల లెక్కన, 70 వేలకి పైగా చిట్టి లోహపు బొమ్మలతో, ఆ నమూనా 1838లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్‌లో ప్రదర్శనకి వచ్చింది. జనం విరగబడ్డారు. సైబోర్న్‌కి మాత్రం అప్పులే మిగిలాయి. ప్రభుత్వం మధ్యలోనే డబ్బు ఆపేసింది. యుద్ధం గెలిచింది ఎవరి వల్ల అన్న గొడవలో, బ్రిటన్‌కి తోడుగా వచ్చిన ప్రష్యా సైన్యాన్ని మరీ ముందుకి జరిపి చూపించాడని బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పక్షం వాళ్లు కినుక వహించారు. పెట్టిన ఖర్చు తిరిగి రాలేదు. చివరికి ప్రష్యన్ బొమ్మల్ని వేలకి వేలు పీకేయాల్సి వచ్చింది. ఆ నమూనా ఇప్పుడు లండన్‌లో నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. ఈ రంగంలో తయారీకి ఉన్న తెలివి అమ్మకానికి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్న పాత సాక్ష్యం నాకు తెలీదు.

సైబోర్న్ నమూనాలో మనిషి సెంటీమీటరు. ఇవాళ అమ్ముడయ్యే వాటిలో మనిషి అంతకి అయిదింతల నుంచి ముప్పై ఇంతలుంటాడు. అన్నిటికన్నా ప్రచారంలో ఉన్న కొలత 1/35, అంటే అసలులో ముప్పై అయిదో వంతు. ఈ వింత అంకె ఎలా వచ్చిందో చెబుతాను. జపాన్‌లో షిజువోకా పట్నంలో టామియా అనే సంస్థ ఉంది. 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క నమూనాల మీదుగా ప్లాస్టిక్‌లోకి వచ్చింది. 1961లో జర్మన్ పాంథర్ ట్యాంకు నమూనా తయారుచేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా ఒళ్లు పెంచారు. అయ్యాక కొలిస్తే 1/35 తేలింది. బ్యాటరీ సైజుని బట్టి పుట్టిన అంకెని ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తోంది. ఈ కథ ఆ సంస్థకి అధిపతిగా ఉండిన షున్‌సాకు టామియా స్వయంగా చెప్పుకున్నదే.

అంతకన్నా పెద్దవి 1/16, 1/6. ఈ 1/6 అన్నది సుమారు అడుగు ఎత్తు సైనికుడి బొమ్మల కొలత. 1964లో అమెరికాలో వచ్చిన జీ.ఐ. జో బొమ్మ ఈ కొలతదే. ఇంగ్లండ్‌లో ఆర్మర్‌టెక్ అనే సంస్థ ఈ కొలతలో పూర్తిగా లోహంతో ట్యాంకులు చేస్తుంది. వాటిని ఒక్కడు ఎత్తలేడు.

కొలత పెరిగితే దృశ్యం చేసేవాడికి ఏమవుతుందో లెక్క చూడండి. తొమ్మిది మీటర్ల ఎత్తున్న మేడ 1/35లో 26 సెంటీమీటర్లు. 1/16లో 56. 1/6లో మీటరున్నర. ఎత్తు చూస్తే ఫరవాలేదనిపిస్తుంది. కానీ 1/35 నుంచి 1/16కి వెళ్తే ఎత్తు రెండింతల చిల్లర పెరిగితే, పట్టే సరుకు పదింతలు దాటుతుంది. అరమీటరు పొడవు, ముప్పై సెంటీమీటర్ల ఎత్తు, మూడు సెంటీమీటర్ల మందం ఉన్న గోడ ఒక్కదాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోత పోస్తే దగ్గర దగ్గర అయిదు కిలోలు తూగుతుంది. అదే గోడని ఇళ్లకి వేడి తగలకుండా వాడే గట్టి ఫోమ్ పలకతో చెక్కితే రెండొందల గ్రాములు దాటదు. ఫోమ్‌కి ఒక జబ్బుంది. మామూలు స్ప్రే పెయింటు కొట్టారంటే కరిగి గుంటలు పడిపోతుంది. ముందు ఫెవికాల్ లాంటి బంక నీళ్లలో కలిపి పూత వేయాలి, ఆ తర్వాత నీటి రంగులు.

ఇటుకల దగ్గర అసలు పరీక్ష. జర్మనీలో 1872 నుంచి వాడుకలో ఉన్న ఇటుక పాతిక సెంటీమీటర్ల పొడవు, పన్నెండు వెడల్పు, ఆరున్నర మందం. 1/35లో అది ఏడు మిల్లీమీటర్లకి కుదించుకుపోతుంది. ఇటుకల మధ్య సెంటీమీటరు సున్నం ఉంటే, ఇక్కడ 0.3 మిల్లీమీటరు. సూదిమొనతో గీసిన గీత చాలు, కన్ను ఒప్పుకుంటుంది. 1/6కి వచ్చేసరికి ఇటుక నాలుగు సెంటీమీటర్ల పైమాట. గీతలు గీస్తే దొరికిపోతారు. ఒక్కొక్క ఇటుక విడిగా చేసి, మేస్త్రీ కట్టినట్టే వరస మీద వరస, కీలు మీద కీలు పడకుండా పేర్చాలి. అందుకే పెద్ద కొలతలో పనిచేసేవాడికి శిల్పం కన్నా తాపీపని ఎక్కువ తెలిసి ఉండాలని నా నమ్మకం. నిటారుగా నిలిచిన గోడ గురించి తెలియనివాడికి పడిపోయిన గోడ చేయడం రాదు.

కూలడానికీ ఒక పద్ధతుంది. చాలామంది చేసే శిథిలాల్లో నాకు కనిపించే లోపం, కూలిన గోడ తాలూకు ఇటుకలు ఎక్కడా ఉండకపోవడం. రెండంతస్తుల గోడ పడిపోయింది, కింద చూస్తే గుప్పెడు ముక్కలు! మిగతావి ఎవరెత్తుకెళ్లారు? నిజంగా ఇల్లు కూలితే ఆ చెత్త నడుములోతు పేరుకుంటుంది, వీధి మూసుకుపోతుంది. అందులో ఇటుకతో పాటు విరిగిన దూలాలు, పెంకులు, కిటికీ చట్రాలు, మంచం కోళ్లు, నీటి గొట్టాలు ఉంటాయి. నిలిచిన గోడ మీద పై అంతస్తు నేలకి ఆనిన దూలాల కన్నాలు వరసగా కనపడాలి. మెట్లు ఉన్నచోట గోడకి ఏటవాలుగా మచ్చ ఉండాలి. ఒక గది రంగు ఒకటైతే పక్కగది రంగు వేరే ఉండాలి. బయటినుంచి గుండు తగిలిందా, లోపల బాంబు పేలిందా అన్నదాన్ని బట్టి చెత్త లోపలికి పడాలో వీధిలోకి పడాలో తేలుతుంది. అన్నిటి మీదా సున్నపు దుమ్ము పొర. వాన కురిసిన దృశ్యమైతే ఆ దుమ్ము కారి చారలు కట్టాలి.

నేల సంగతి ఇంకోటి. జర్మన్ టైగర్ ట్యాంకు బరువు 57 టన్నులు. అంత బండి తడినేల మీద నిలబడితే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు దిగబడుతుంది, పక్కలకి మట్టి ఉబుకుతుంది. నమూనా కట్టినవాడు చివర్లో ట్యాంకుని తెచ్చి ఎండిన నేల మీద పెడితే అది గాలిలో తేలినట్టుంటుంది. అందుకని తెలిసిన తయారీదారు నేలని అమ్మేటప్పుడు ఏ బండి కోసమో అడిగి, గొలుసు వెడల్పుకి తగ్గ అచ్చులు ముందే నొక్కి ఇస్తాడు. దాంతో పాటు నేలకి వాడిన రంగు పొడి ఒక చిన్న పొట్లం పంపుతాడు. చక్రాలకి అంటిన బురద, కింద ఉన్న బురద ఒకే రంగులో ఉండాలి కదా. పొట్లానికయ్యే ఖర్చు ఏపాటి? కానీ ఆ కొనుగోలుదారు మళ్లీ అతని దగ్గరికే వస్తాడు.

చెట్టూ చేమల గురించి ఎక్కువ చెప్పను. గడ్డిపోచలు నిలబెట్టడానికి స్థిర విద్యుత్తుతో పనిచేసే పనిముట్టు ఉంది. నైలాన్ పీచు బంక మీద పడి నిక్కబొడుచుకుంటుంది. బర్చ్ చెట్టు గింజల పొట్టు 1/35లో అచ్చం ఎండుటాకుల్లా ఉంటుంది. పొడుగు గడ్డికి కొబ్బరి పీచు బాగా పనికొస్తుంది, అది మనకి కొరత లేదు.

ఇక అమ్మకం. ట్యాంకు నమూనాకి ఉక్కు అచ్చులు చెక్కిస్తారు. వేలల్లో అమ్ముడవుతుంది కాబట్టి ఆ పెట్టుబడి తిరిగొస్తుంది. కూలిన గోడకి అంత గిరాకీ ఉండదు. అందుకే ఈ పని ఇప్పటికీ ఎక్కువగా ఇంటి వెనక కొట్టాల్లో, ఇద్దరు ముగ్గురు మనుషుల చేతుల మీద నడుస్తోంది. 1970లలో అమెరికాలో షెపర్డ్ పెయిన్ చేసిన డయోరమాల బొమ్మల కాగితాలు మోనోగ్రామ్ కంపెనీ పెట్టెల్లో వచ్చేవి. 1980లో ఆయన రాసిన పుస్తకం దృశ్యంలో కథ ఎలా కూర్చాలో ఒక తరానికి నేర్పింది. ఆ మోజుని సరుకుగా మార్చింది బెల్జియం దేశస్థుడు ఫ్రాన్స్వా వెర్లిండన్. శిథిలాలు, సామాన్లు, బొమ్మలు, చివరికి గోడకంటించే పోస్టర్ల దాకా అన్నీ విడిగా అమ్మకానికి పెట్టాడు.

ఇలాంటి సరుకు తయారుచేసే పద్ధతి ఇది. ముందు ఒక్క గోడ తీరుబడిగా చెక్కుతారు. దాని చుట్టూ పెట్టె కట్టి సిలికాన్ రబ్బరు పోస్తారు. గాలిబుడగ మిగిలిందా, తర్వాత తీసే ప్రతి గోడ మీదా పొక్కు కనపడుతుంది. రబ్బరు గట్టిపడ్డాక అందులో ప్లాస్టరో, పోశాక గట్టిపడే రెజిన్ అనే ద్రవమో పోసి ప్రతులు తీస్తారు. రెజిన్ రబ్బరుని తినేస్తుంది, కొన్ని పదుల ప్రతులు తీసేసరికి అచ్చు చిరుగుతుంది. ధర కట్టేటప్పుడు ఈ అచ్చు ఖర్చు మరిచిపోయేవాళ్లే ఎక్కువ. రెజిన్ ఆవిరి, దాన్ని గీకినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకి మంచివి కావు. గాలి ఆడే చోట, మాస్కు కట్టుకుని చేయాల్సిన పని. లేజరుతో కోసిన చెక్క, త్రీడీ ప్రింటర్లు వచ్చాక సగం చాకిరీ తప్పింది. దొంగల పనీ సులువైంది. ఒకడు నెలలు కష్టపడి చేసిన గోడని ఇంకొకడు కొని, దాని మీదే రబ్బరు పోసి, సగం ధరకి అమ్ముతాడు.

పెద్ద కొలత సరుకుకి అసలు శత్రువు మాత్రం కొరియర్ బిల్లు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి అయిదు వేలతో భాగిస్తే వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే, కొరియర్ వాళ్లు దాన్నే బరువుగా లెక్కిస్తారు. అరవై, నలభై, ముప్పై కొలతల పెట్టెలో మూడు కిలోల ఇల్లు పెట్టి పంపండి, పద్నాలుగున్నర కిలోలకి బిల్లు వస్తుంది. అదే ఇంటిని విడి గోడలుగా చేసి పలకల్లా పేర్చి, పది సెంటీమీటర్ల ఎత్తు పెట్టెలో సర్దితే అయిదు కిలోల లోపే. కట్టిన ఇల్లు అమ్మడం కన్నా కట్టుకునే ఇల్లు అమ్మడం మేలన్నది అందుకే. రంగు వేయని సరుకే ఎక్కువ పోతుంది కూడా. కొనేవాడికి రంగు వేయడంలోనే ఆనందం. ఇంకో చిక్కు మట్టి. దృశ్యానికి జల్లెడ పట్టిన నిజం మట్టి కన్నా బాగుండేది లేదు. అది పరదేశం పంపబోతే ఆస్ట్రేలియా లాంటి చోట్ల సరిహద్దులోనే ఆపేస్తారు. మట్టి, ఎండుమొక్కల మీద అక్కడ కట్టడి గట్టిది. పరాయి దేశానికి అమ్మాలనుకుంటే రాతిపొడి, రంగుపొడి, నైలాన్ గడ్డితో సరిపెట్టుకోవాలి. జర్మనీకి పంపేవాళ్లు గోడ పోస్టర్లలో నాజీ చిహ్నం ఉందేమో చూసుకోవాలి, అక్కడి చట్టం దాన్ని ఒప్పుకోదు.

యుద్ధాన్ని ఇలా ముచ్చటగా అలంకరించి అమ్మడమేమిటని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 1/35లో శిథిల భవనాలు అమ్మే పేరున్న సంస్థల్లో మినీఆర్ట్ ఒకటి. అది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌ది. 2022 ఫిబ్రవరి నుంచి ఆ నగరం మీద నిజం క్షిపణులే పడ్డాయి. ఈ సంగతి తలుచుకున్నప్పుడు ఈ వ్యాపకం అంత నిశ్చింతగా అనిపించదు. నా మట్టుకు నాకు, ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల సామాను కూడా కనపడే దృశ్యం, ఒట్టి ట్యాంకు బొమ్మ కన్నా నిజాయితీగా తోస్తుంది.

నన్ను వేధించేది మరొకటి. బజారులో దొరికే దృశ్యాలు చాలావరకు నార్మండీ, స్టాలిన్‌గ్రాడ్, బెర్లిన్ దాటి రావు. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు పొలాల్లోకి నీళ్లు వదిలితే పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు చెరుకు తోటల్లో కూరుకుపోయాయి. పాటన్ నమూనాలు కొల్లలుగా ఉన్నాయి; వాటి చుట్టూ పెట్టడానికి చెరుకు తోటేది? మూడు మీటర్ల గడ 1/35లో ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, 1/16లో జానెడు. కోహిమాలో 1944లో బ్రిటిష్, జపాన్ సైనికులు డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి ఇటూ అటూ నిలిచి కొట్లాడుకున్నారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కొట్టిన బొబ్బిలి కోటవి మట్టిగోడలు, చుట్టూ అడవి. మట్టిగోడ కూలే తీరు ఇటుక గోడలా ఉండదు. నెర్రెలిచ్చి, పెళ్లలుగా ఊడి, కుప్పగా జారుతుంది. అది మన పల్లెల్లో చూసి ఎరిగినవాళ్లు చేయగలిగినట్టు బెల్జియంలో ఉన్నవాడు చేయలేడు.

చేతిపని తెలిసి, ఇంటి దగ్గర కాస్త చోటున్న శ్రోతలు ఎవరైనా ఈ పనికి దిగాలనుకుంటే, కోటంతా ఒకేసారి తలకెత్తుకోకండి. జానెడు మట్టిగోడ ఒక్కటి చేయండి. పక్కన కొలతకి తగ్గ బొమ్మని నిలబెట్టి ఫొటో తీయండి. తర్వాత తక్కెడలో తూచి, పట్టే పెట్టెని కొలిచి, కొరియర్ ఖర్చు తెలుసుకుని, ఆ పిమ్మటే ధర చెప్పండి.